నిదానం

మనం నిత్యం వాడే మాటలలో 'నిదానం' ఒకటి. "నిదానంగా నడువు", "నిదానమే ప్రధానం" అన్నప్పుడు తొందరపాటు లేకపోవడమని దానికి అర్థం. సంస్కృతంలో ఈ పదానికి మూలకారణమని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్నీ, రోగనిర్ణయాన్నీ కూడా నిదానమనే అంటారు. మా నాన్నగారు ఆయుర్వేద వైద్యులు. మాధవకరుడు రచించిన 'మాధవనిదానం' ఆయన బల్లమీద ఎప్పుడూ ఉండేది. అది కేవలం రోగాన్ని గుర్తించడానికి ఉద్దేశించిన గ్రంథం. మందు చెప్పని వైద్యగ్రంథం ఎందుకని చిన్నతనంలో నేనడిగితే, "రోగమేదో తెలిస్తే మందు చెప్పడానికి వేరే పుస్తకాలున్నాయిరా" అని ఆయన నవ్వేవారు. ఆ మాటలోని బరువు ఆయన పోయిన తరువాత, నల్లమల అడవి అంచున, ఒక మెకానిక్కు వద్ద నాకు తెలిసింది.

నాన్నగారు 1978లో ఒక అంబాసిడర్ కారు కొన్నారు. పెట్రోలు ఖర్చు భరించలేక 1992లో దాని ఇంజిన్ తీయించి, ఒక పాత వ్యానుకు చెందిన డీజిల్ ఇంజిన్ పెట్టించారు. ఆ రోజులలో చాలా అంబాసిడర్లు ఇలా గుండె మార్పించుకున్నవే. నాన్నగారి తరువాత కారు నాకు వచ్చింది. దానితోపాటు దాని జబ్బూ వచ్చింది. ఉన్నట్టుండి ఇంజిన్ వేడెక్కేది. మా ఊరిలో ముగ్గురికి చూపించాను. నీరు తగినంత వేడెక్కే వరకు రేడియేటరులోనికి పోనీయకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వును ఒకరు, "ఈ ఎండల దేశంలో ఇదెందుకు?" అని పీకివేశారు. రెండవవారు రేడియేటరును కడిగించారు. మూడవవారు వాటరు పంపునూ, హెడ్డు గాస్కెట్టునూ మార్చారు. ముగ్గురూ డబ్బు తీసుకున్నారు. జబ్బు మాత్రం కదలలేదు.

2006 కార్తిక మాసంలో అమ్మను శ్రీశైలం తీసుకొని బయలుదేరాను. మార్కాపురం దాటి దోర్నాల వరకు కారు హాయిగా నడిచింది. ఘాటు మొదలైన కొంతసేపటికే వేడిని చూపే ముల్లు పైకి లేచింది. బానెటు సందులలో నుండి ఆవిరి చిమ్మింది. ఆదుర్దాలో తువ్వాలు చేతికి చుట్టుకొని రేడియేటరు మూత తిప్పబోయాను. కిందికి దిగుతున్న లారీలోని క్లీనరు కుర్రవాడు "ముట్టుకోవద్దు సార్!" అని కేక వేశాడు. ఆ మూత ప్రెషర్ కుక్కర్ మూత వంటిది. లోపలి ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా అణగి ఉంటుంది. మూత తీసిన మరుక్షణం అదంతా ఒక్కసారిగా మరిగి ముఖాన కొడుతుంది. నేను చేయి వెనక్కు తీసుకున్నాను. రాతిమీద కూర్చున్న అమ్మ, "తొందరేముందిరా? శివుడెక్కడికీ పోడు" అన్నది.

గంటసేపు చల్లారనిచ్చి, నీరు పోసి, మెల్లగా దోర్నాలకు దిగాము. అక్కడొక పెద్దవయసు మెకానిక్కు కారు చుట్టూ తిరిగి చూశాడు. చేతిలో పానా లేదు.

"ఎప్పుడు వేడెక్కుతుంది సార్?"

"ఘాటెక్కేటప్పుడు. ఊళ్ళో బండ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు."

"చదును రోడ్డు మీద?"

"అరవైలో వచ్చాను. ముల్లు కదలలేదు."

"అయితే ఇది గాలికి తగ్గే జబ్బు సార్. రేడియేటరు పూడిపోతే, నీళ్ళు సరిగా తిరక్కపోతే, వేగంగా పోయేటప్పుడు కూడా కాగాలి."

నాకు ఒళ్ళు జలదరించింది. రోగాన్ని ఎరుగడానికి మాధవనిదానం ఐదు మార్గాలు చెబుతుంది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. వీటిలో ఉపశయమంటే, దేనివల్ల రోగికి హాయి కలుగుతున్నదో చూసి, దానినిబట్టి రోగాన్ని పసిగట్టడం. ఆ గ్రంథం పేరైనా వినని మనిషి ఆ పద్ధతిని నా కళ్ళెదుట ఆచరిస్తున్నాడు.

అయినా అతడు తన ఊహను నమ్మి ఊరుకోలేదు. ఆయిలు పుల్ల తీసి, నూనెలో నీరు కలిసి పాలరంగు తిరిగిందేమో చూశాడు. చల్లారిన రేడియేటరు మూత తీసి, ఇంజిన్ నడిపించి, నీటిలో బుడగలు వస్తున్నాయేమో చూశాడు. రెండూ లేవు, గాస్కెట్టు నిర్దోషి. పిమ్మట ఒక దినపత్రిక కాగితాన్ని రేడియేటరు ముందు పట్టి వదిలాడు. ఫ్యాను గాలిని బాగా లాగితే కాగితం మొత్తం అతుక్కోవాలి. అది నడుమ మాత్రమే అంటుకొని, అంచులు రెపరెపలాడి, జారి కింద పడింది.

కారణం బయటపడింది. ఇంజిన్ మార్చిననాడు, ఫ్యాను చుట్టూ ఉండవలసిన రేకు కవరు కొత్త ఇంజిన్‌కు కుదరక పారవేశారు. ఫ్యాను రేడియేటరుకు జానెడు దూరంలో నిలిచి, బానెటులోని వేడిగాలినే తిప్పి తిప్పి పీల్చుకుంటున్నది. వేగంగా పోతే ఎదురుగాలి ఆ లోపాన్ని కప్పిపుచ్చేది. అతడు పాత డ్రమ్ము రేకు కత్తిరించి రెండు గంటలలో కవరు తయారు చేశాడు. తీసివేసిన వాల్వు స్థానంలో మరొకటి పెట్టించుకోమన్నాడు. ఆ సాయంత్రం శిఖరం చేరేవరకు ముల్లు సగం దాటలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ నిద్రపోయింది. 'ఎప్పుడు?' అన్న ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ సంవత్సరం నా తరగతిలో ఒక విద్యార్థి రోజూ నిద్రపోయేవాడు. అశ్రద్ధ అని నిర్ణయించి, "మీ నాన్నను తీసుకొని వచ్చేవరకు తరగతికి రావద్దు" అన్నాను. అతడు మరి రాలేదు.

మరునాడు సహాధ్యాపకులను అడిగాను. మధ్యాహ్నం తరగతులలో అతడు చక్కగా సమాధానాలు చెప్పేవాడట. నిద్ర మొదటి పీరియడులోనే, అది నాది. స్నేహితులు మిగిలినది చెప్పారు. రాత్రి రెండు గంటల వరకు బస్టాండు దగ్గర ఒక హోటలులో పని. తీసుకొని రావడానికి అతనికి తండ్రి లేడు.

ఆ సాయంత్రమే హోటలుకు వెళ్ళాను. నన్ను చూడగానే చేతులు తుడుచుకొని లేచి నిలబడ్డాడు. పొరపాటు నాదని చెప్పి, రమ్మన్నాను. వచ్చాడు. కాని అప్పటికి పరీక్ష రుసుము గడువు దాటిపోయింది. అతనికి ఒక సంవత్సరం పోయింది. ఆ సంవత్సరాన్ని నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మా కారులో ఆ డ్రమ్ము రేకు కవరు ఇంకా ఉంది. తరగతిలో ఎవరైనా నిద్రపోతూ కనిపిస్తే, "ఎందుకు నిద్రపోతున్నావు?" అని నేను గద్దించను. తరగతి ముగిశాక దగ్గరకు పిలిచి, "రాత్రి ఎప్పుడు పడుకున్నావు నాయనా?" అని అడుగుతాను.