బైబిలమ్మగారి నోటు పుస్తకము

మా స్త్రీల సమాజపు పెట్టెలో కానుకల సంచి, రెండు పాత కీర్తనల పుస్తకాలు, జమాఖర్చుల చిట్టా, వాటి అడుగున ఒక చిన్న నోటు పుస్తకము ఉన్నాయి. ఆ నోటు పుస్తకము 1988లో మా చేతికి వచ్చింది. మా ఊరి బైబిలు స్త్రీ ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె మనుమడు తెచ్చి, "అవ్వ ఇది మీకే ఇమ్మన్నది" అని చెప్పి వెళ్లాడు. అప్పుడు మేము ఐదుగురము. ఇప్పుడు ముగ్గురమే మిగిలాము. ముగ్గురమూ కూర్చుని, ఒకరు మరచినది మరొకరు అందిస్తూ వ్రాస్తున్న మాటలివి. అందుకే 'మేము' అంటున్నాము.

ఆమెను ఊరంతా బైబిలమ్మగారనే పిలిచేవారు. అసలు పేరు తెలిసినవారు తక్కువ. రేపల్లె వైపు ఈ ఊరికి మేము కొత్త కోడళ్లుగా వచ్చేనాటికే ఆమెకు అరవై దాటాయి. గురువారము మధ్యాహ్నము, మగవాళ్లు చేలకు వెళ్లిన తరువాత, నల్లగొడుగు వేసుకుని వచ్చేవారు. రాగానే బైబిలు తీసేవారు కాదు. ఆ ఇంట్లో ఏ పని సగంలో ఉంటే ఆ పనిలో చెయ్యి పెట్టేవారు. చేట అందుకుని బియ్యములో రాళ్లు ఏరేవారు, చింతపండు గింజలు తీసేవారు. ఆ పని అయ్యేలోపల మా సంగతులన్నీ ఆమెకు తెలిసిపోయేవి. అడిగి తెలుసుకున్నట్టు మాత్రము ఉండేది కాదు.

మాలో ఒకరికి చదువు రాదు. ఆ సంగతి ఆమె నలుగురిలో ఎన్నడూ ఎత్తలేదు. పెద్ద అక్షరాల మార్కు సువార్త ఒకటి తెచ్చి, ఒంటరిగా ఉన్నప్పుడు వేలు పట్టి ఒక్కొక్క అక్షరమూ చూపించారు. పదహారు అధ్యాయాలు కూడబలుక్కుని చదవడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఈనాడు మా ముగ్గురిలో వాక్యము తప్పు లేకుండా చదివేది ఆమే!

పొయ్యి ప్రక్కన పిడికెడు బియ్యపు కుండ పెట్టడము కూడా బైబిలమ్మగారే నేర్పారు. ఎసట్లో బియ్యము పోసే ముందు ఒక పిడికెడు తీసి, ఎవరినో ఒకరిని తలచుకుని ప్రార్థించి కుండలో వేయాలి. బియ్యము సంఘానికి వెళ్లేది. తలచుకున్న మనిషి మాత్రము ఆ పూటంతా మనస్సులో ఉండిపోయేది.

రాళ్లు ఏరుతూ కథలు చెప్పేవారు. ఆమె ఎక్కువగా చెప్పినది ఒంగోలు కొండ సంగతి. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలు కొరకు ప్రార్థించారు. జూవెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు అనే సోదరుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఆ ఊరికి క్లౌ దొరగారు మిషనరీగా వచ్చినది పన్నెండేళ్ల తరువాత, 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య చెప్పేటప్పుడు మా కళ్లు పెద్దవయ్యేవి. ఆమె మాత్రము వెనక్కి, కొండ మీదికే వచ్చేవారు. "ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే, చూశారా. చలిలో కొండెక్కారు" అనేవారు. అంతకు మించి వివరించేవారు కాదు. మేమే తరువాత తరువాత ఆలోచించుకున్నాము.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి వ్రాయకుండా దాటిపోలేము. దివిసీమలో వేలమంది కొట్టుకుపోయారు. కృష్ణకు ఇవతల మా వైపు కూడా ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి మాలో ఒకరి చేతుల్లోనుండి ఏడాదిన్నర పిల్లవాడు జారిపోయాడు. పరామర్శకు వచ్చినవారందరూ దేవుని చిత్తము అన్నారు. బైబిలమ్మగారు మోకాలి లోతు బురదలో నడిచి వచ్చి ఆ మాట అనలేదు. ఏ మాటా అనలేదు. ఎక్కడో నీళ్లు సంపాదించి, కాచి, ఆ తల్లికి తలంటి, చిక్కులు తీసి జడవేశారు. రోజూ వచ్చి ప్రక్కన కూర్చున్నారు. తొమ్మిదవ రోజున 88వ కీర్తన చదివారు. తెలిసినవారికి తెలుసు, ఆ కీర్తన ఓదార్పుతో ముగియదు, చీకటితోనే ముగుస్తుంది. చదివి, పుస్తకము మూసి, "ఇది కూడా బైబిలులోనే ఉన్నదమ్మా" అన్నారు. ఆ తల్లి అప్పుడు ఏడ్చింది, తొమ్మిది దినాలలో మొదటిసారి.

ఆమె పోయిన తరువాత సమాజము మా చేతికి వచ్చింది. మేము శక్తి కొలది నడిపాము, కాదనము. హాజరు పట్టీ ఉన్నది. కానుకల లెక్క పైసాతో సహా ఉన్నది. వాక్యములు కంఠతా చెప్పే పోటీలు పెట్టాము, బహుమతులిచ్చాము. ఆమె విడిచిన పని మేము చేస్తున్నామనే అనుకున్నాము.

2014లో ఒక అమ్మాయి మా సంఘానికి కోడలిగా ఉండేది. నర్సింగు చదివి టౌనులో ఒక ఆసుపత్రిలో పని చేసేది. నైట్ డ్యూటీ దిగి, నిద్రకళ్లతోనే గురువారము కూడికకు వచ్చేది. ఒకనాడు, పెండ్లయి మూడేళ్లయినదని ఎవరో అనగా, మాలో ఒకరు అందరి ముందు ఇలా అన్నారు: "ఇంకా విశేషమేమీ లేదా? ఉపవాసముండి ప్రార్థించాలమ్మా. విశ్వాసము తక్కువైతే ఎట్లా?" ఎవరన్నారో వ్రాయము. మిగిలిన ఇద్దరమూ తల ఊపాము గనుక ముగ్గురమూ అన్నట్టే. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. మరుసటి గురువారము రాలేదు. ఆ తరువాత రానే లేదు.

మేము ఆమె కొరకు ప్రార్థించాము. ప్రార్థన అంశాలలో ఆమె పేరు పద్నాలుగు నెలలు చదివాము. "చల్లారిపోయిన సహోదరి" అని కూడా చేర్చాము. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

తరువాతి సంవత్సరము సమాజపు చరిత్ర వ్రాసి ఇమ్మని అయ్యగారు అడిగారు. పాత సభ్యుల పేర్ల కొరకు ఆ నోటు పుస్తకము తెరిచాము. ఇరవై ఏడేళ్లు పెట్టెలో ఉన్నదే గాని, భద్రముగా దాచుకున్నామన్న తృప్తితో శ్రద్ధగా చదవనే లేదు. అందులో నలభైకి పైగా పేర్లున్నాయి. ప్రతి పేరు క్రింద రెండు మూడు మాటలు. ఒకచోట, "చదువు రాదు. సిగ్గు. అందరిలో అడగకూడదు." ఒకచోట, "అత్తగారికి కోపము. ముందు అత్తగారితో మాట్లాడాలి." ఇంకొకచోట, "బిడ్డ పోయాడు. మాట్లాడించవద్దు. కూర్చోవాలి." మా పేర్లే, మా సంగతులే. పుస్తకమంతటా హాజరు గాని, కానుక గాని ఎక్కడా లేవు. మా చిట్టా తెచ్చి ప్రక్కన పెట్టుకుని చూశాము. అందులో మనిషి కష్టము ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రమే ముగ్గురమూ ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాము. తలుపు తీసి, కాసేపు గుమ్మములోనే నిలబడింది. తరువాత చాప వేసింది. మాకు మాట రాలేదు. ఆమే మొదలుపెట్టింది. "నా కోసం ప్రార్థన చేస్తున్నారని మా అత్తయ్యగారు చెప్పేవారు ఆంటీ. మంచిదే. కాని ఒక్కరైనా ఈ మెట్లెక్కి వస్తారేమోనని చూశాను." రెండుసార్లు కడుపు పోయిందని అప్పుడు చెప్పింది. "మీరు ఆ మాట అన్న గురువారానికి రెండోది పోయి పదకొండు రోజులు."

క్షమించమని అడిగాము. వెంటనే క్షమించానని ఆమె అనలేదు. అనాలని మేము ఎదురుచూడలేదు కూడా. ప్రక్కన గోంగూర కట్టలుంటే, ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న మా సహోదరి ఒక కట్ట విప్పి ఆకు తుంచడము మొదలుపెట్టింది. చూసి మేమూ తలో కట్ట అందుకున్నాము. ఆ రోజు అంతే జరిగింది. ఆమె డ్యూటీ లేని రోజు కనుక్కుని వారము వారము వెళ్లాము. మూడవ వారము మా సహోదరి 88వ కీర్తన చదివి, తన పిల్లవాని సంగతి చెప్పింది. మా సమాజములో ఎన్నడూ చెప్పని వివరాలు కూడా చెప్పింది.

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను తలచుకుంటాడు. లోయి పేరు బైబిలంతటిలో అక్కడ ఒక్కచోటే ఉన్నది. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు చెబుతున్నది. ఆ ఇంట్లో మొదట విశ్వాసము నిలిచినది ఆడవాళ్లలోనే. లోయి కూతురికి ఎట్లా నేర్పిందో ఎక్కడా వ్రాసిలేదు. మేమనుకునేది, వ్రాయదగినంత గొప్పగా ఏమీ కనిపించి ఉండదు. ఏ పిండి విసురుతూనో నేర్పి ఉంటుంది.

పిల్లల సంగతి ఏమైనదని మా పాఠక సహోదరీలు అడుగుతారని తెలుసు. అది ఆ అమ్మాయి చెప్పవలసిన సంగతి. మేము వ్రాయము.

ఆమె కూడికకు మరల వచ్చింది, తన పద్ధతిలోనే. ఆదివారము సాయంత్రము పదిహేనేళ్ల లోపు ఆడపిల్లలను కూర్చోబెట్టి వాక్యము చెబుతుంది. దానితోపాటు రక్తహీనత సంగతి, నెలసరి శుభ్రత సంగతి కూడా చెబుతుంది. బైబిలు చెప్పమంటే ఒంటి సంగతులేమిటని ఒక పెద్దాయన సంఘములో అభ్యంతరము తెచ్చారు. పౌలు తీతుకు వ్రాసిన పత్రికలో రెండవ అధ్యాయము చూపించాము. యౌవన స్త్రీలకు బుద్ధి చెప్పే పని పౌలు తీతుకు అప్పగించలేదు, వృద్ధ స్త్రీలకు అప్పగించాడు. ఆ నేర్పవలసినవి కూడా భర్త, పిల్లలు, ఇల్లు, నడవడి. "వృద్ధ స్త్రీలము మేమున్నాము. మేమే ఆమెకు అప్పగించాము" అని చెప్పాము. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గాని ఊరుకున్నారు.

అన్నిటిలో ఆమెతో మాకు ఏకాభిప్రాయము ఉన్నదని కాదు. పిల్లలకు వాక్యము ఫోనులో పంపుతుంది, అది మాకు అంతగా రుచించదు. పిడికెడు బియ్యపు కుండ పెట్టమంటే, "మా ఇంట్లో రాత్రిపూట చపాతీలే ఆంటీ" అని నవ్వింది. పొయ్యి దగ్గర మాత్రము ఒక డబ్బా కనిపించింది. అందులో చిల్లర వేస్తున్నదో, బియ్యము వేస్తున్నదో మేము మూత తీసి చూడలేదు.

బైబిలమ్మగారి నోటు పుస్తకములో చివర కొన్ని ఖాళీ పేజీలున్నాయి. పోయిన క్రిస్మసు తరువాత దానిని ఆ అమ్మాయికి ఇచ్చాము. అందులో వ్రాయడానికి మొదట వెనుకాడింది. ఇప్పుడు వ్రాస్తున్నది. మొన్న గురువారము మా ముగ్గురిలో ఒకరికి కంటి ఆపరేషను ఖాయమైనదని చెప్పుకుంటుంటే, ఆ పుస్తకము తీసి ఏదో వ్రాసుకుంది. ఏమి వ్రాశావమ్మా, చూపించు అని అడిగాము. మూసి సంచిలో పెట్టుకుని, మిగిలిన వంకాయలు తన ముందుకు జరుపుకుంది.