సిగరెట్టుగారి ద్విపాత్రాభినయం!

మన సినిమాల్లో పాత ట్రిక్కు ఒకటుంది. హీరోయిన్ మీదికి రౌడీలను పంపించేదీ హీరోగారే, సరిగ్గా సమయానికి ఊడిపడి వాళ్ళను చితకబాది ఆమెను కాపాడేదీ హీరోగారే! పాపం, ఆ అమ్మాయి "మీరే లేకపోతే ఏమైపోయేదాన్నో" అంటూ చేతులు జోడిస్తుంది. హాల్లో మనం పగలబడి నవ్వుతాం. నవ్వి, ఇంటర్వెల్‌లో బయటికొచ్చి సిగరెట్టు వెలిగిస్తాం. అది మనతో ఆడేదీ అచ్చం అదే నాటకం!

ఎలాగంటారా? పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి 'హాయి' అనిపిస్తుంది. రెండు గంటలు తిరిగేసరికి రక్తంలో దాని మోతాదు సుమారు సగానికి పడిపోతుంది. అలవాటుపడ్డ మెదడు గొడవ మొదలుపెడుతుంది. చిరాకు, అసహనం, దేనిమీదా మనసు నిలవకపోవడం... ఇవే ఆ రౌడీలు! ఇంకో దమ్ము లాగగానే అందరూ మాయం. "ఆహా, టెన్షన్ తీరింది" అనుకుంటాం. తీర్చిందెవరు? తెచ్చిందెవరు?

నేను రోజుకు పదిహేను చొప్పున తొమ్మిదేళ్ళు కాల్చినవాణ్ణి. ఫ్రీలాన్స్ జర్నలిస్టుకు నెల జీతముండదు, రాస్తేనే అన్నం. మానేద్దామనుకున్నప్పుడల్లా నా భయం ఊపిరితిత్తుల గురించి కాదు. పొగ లేకపోతే వాక్యం పుట్టదేమో, వాక్యం పుట్టకపోతే ఇంటద్దె ఎలాగా అని!

అప్పుడు నా కళ్ళు తెరిపించింది పక్కసీటు మిత్రుడు. జన్మలో సిగరెట్టు ముట్టనివాడు. దమ్ము కొట్టాక నేనెంత కులాసాగా ఉంటానో, ఉత్త సమోసా తిని అతనూ అంతే కులాసాగా ఉన్నాడు! అతనికి ఊరికే ఉన్నదాన్ని నేను డబ్బిచ్చి కొనుక్కుంటున్నానన్నమాట.

ఈ తిరకాసును ప్రపంచానికి విప్పి చెప్పినవారిలో ఇంగ్లండుకు చెందిన అలెన్ కార్ ఒకరు. అకౌంటెంటు. గుప్పుగుప్పున పెట్టెలకు పెట్టెలు ఊదేసిన ఆ పెద్దమనిషి 1983లో మానేసి, 1985లో దాని మీద పుస్తకమే రాశారు. 'త్యాగం చేస్తున్నా' అనుకుంటే రోజూ విరహమే. 'వదిలించుకున్నా' అనుకుంటే పండగ!

మానేసిన మూడోరోజు రాత్రి. పొద్దున పదింటికల్లా సమీక్ష అందాలి. చేయి దానంతటదే జేబు తడుముకుంది. "వచ్చారా రౌడీలు! మిమ్మల్ని పంపిందెవరో నాకు తెలుసులే" అనుకుని, మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. ఐదారు నిమిషాల్లో వాళ్ళే పోయారు. అర్ధరాత్రి దాకా నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ పోయారు. తెల్లారేసరికి కాపీ తయారు. ఆ నెల అద్దె కూడా కట్టాను!

2012 నుంచి తెరమీద ఎవరు వెలిగించినా కింద హెచ్చరిక పడుతోంది. సినిమాకు ముందొచ్చే ప్రకటన మనకెంత కంఠస్థమంటే, 2018లో తరుణ్ భాస్కర్ తన సినిమాకు 'ఈ నగరానికి ఏమైంది?' అని దాని మాటే పేరు పెట్టారు. భయపెట్టే మాట నవ్వులో కొట్టుకుపోతుంది. గుట్టు తెలిసిన ట్రిక్కు మాత్రం మళ్ళీ పనిచేయదు.

మొదటి రెండు మూడు రోజులే గట్టి ఫైటింగు. మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఏడాది తిరిగేసరికి గుండెజబ్బు ముప్పు, కాల్చేవారితో పోలిస్తే, దాదాపు సగానికి తగ్గుతుంది. ఆలోచన ఒక్కటే చాలని వారూ ఉంటారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. డాక్టరు ఉన్నారు, పైసా ఖర్చులేని 1800-11-2356 నంబరు ఉంది.

ఇంటర్వెల్‌లో నేనిప్పుడు సమోసా పార్టీ. మీరూ వచ్చేయండి!