దొంగనే దారి అడిగాను

మా ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ తెరిస్తే గూగుల్ బదులు ఎన్నడూ చూడని సెర్చ్ పేజీ రావడం మొదలైంది. నేను చేసిన మొదటి పని మా అబ్బాయిని కేకలేయడం. గేములు డౌన్‌లోడ్ చేసి ఏదో అంటించుకొచ్చాడని నా నమ్మకం. “నేనేమీ ఎక్కించలేదు నాన్నా” అని వాడు అంటూనే ఉన్నాడు. నేను వినలేదు.

తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి హోమ్ పేజీని గూగుల్‌కి మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే పాత కథే. విసిగిపోయి, సెర్చ్ పేజీయే కదా, ఉంటే ఉండనీ అనుకున్నాను. అలా అనుకోవడం చాలా ప్రమాదం. మనం వెతికే ప్రతి మాటా ఆ పేజీ చేతుల మీదుగా పోతుంది. అందులోని ప్రకటన మీద నొక్కినప్పుడల్లా దాన్ని నడిపేవాళ్లకు డబ్బు ముడుతుంది. అది అంతటితో ఆగుతుందన్న హామీ కూడా లేదు. 2017లో, ఇలాగే బ్రౌజర్‌ను చేజిక్కించుకునే ఫైర్‌బాల్ అనే హైజాకర్ సంగతిని చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. పైకి అది మార్చేది హోమ్ పేజీనే. కానీ కావాలంటే ఆ కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామునైనా దింపి నడిపించగలదు. అది 25 కోట్ల కంప్యూటర్లకు సోకిందని చెక్ పాయింట్ అంచనా వేస్తే, అంత ఉండదని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. ఎన్నిటికి సోకినా, అలాంటి శక్తి ఉన్న ప్రోగ్రాము మన బిల్లులు కట్టే, మన ఫొటోలు దాచే కంప్యూటర్‌లో ఉండకూడదు.

ప్రకటనలు మరీ ఎక్కువయ్యాక దీన్ని ఎలా తీసేయాలా అని వెతికాను. ఎక్కడ? అదే కంప్యూటర్‌లో, అదే బ్రౌజర్‌లో, అదే పేజీలో. ఇల్లు దోచినవాడినే పోలీస్ స్టేషనుకు దారి అడిగినట్టు. అన్నిటికన్నా పైన కనిపించింది ఉచితంగా శుభ్రం చేస్తామనే ఒక క్లీనర్. దింపి నడిపితే వందల లోపాలున్నాయని ఎర్రటి అక్షరాల్లో చూపించి, బాగుచేయాలంటే డబ్బు కట్టమంది. డబ్బు కట్టలేదు గానీ దాన్ని తీసేయనూ లేదు. కొన్నాళ్లకు తెర నిండా మైక్రోసాఫ్ట్ పేరుతో హెచ్చరిక, చెవులు గింగురుమనే మోత, కింద ఒక టోల్ ఫ్రీ నంబరు. కంగారులో ఫోన్ చేశాను. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. తను అక్కడి నుంచే మా కంప్యూటర్ చూడటానికి ఒక సాఫ్ట్‌వేర్ వేయించాడు. నా చెయ్యి మౌస్ మీద లేకపోయినా తెర మీద బాణం కదులుతోంది. “ఒక్కసారి మీ బ్యాంకు అకౌంట్ ఓపెన్ చేయండి సార్” అన్నాడు. నేను పాస్‌వర్డ్ కొట్టబోతుంటే మా అబ్బాయి వెనక నుంచి వచ్చి నెట్ వైరు పీకేశాడు.

మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ ఫోన్ చేసేవాణ్ణి కాదు. అలాంటి ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలి.

రిపేరు షాపులో అడిగితే “ఫార్మాట్ కొట్టేద్దాం సార్” అన్నారు. మా వీధిలో ఒక అమ్మాయి కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. ఆ మాట విని, “తొందరపడకండి అంకుల్, ముందు అసలు ఎప్పుడు వచ్చిందో చూద్దాం” అంది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితా తెరిచి, ఎక్కించిన తేదీ ప్రకారం వరుసపెట్టింది. ఒకే సాయంత్రం మూడు ప్రోగ్రాములు ఎక్కాయి. రెండిటి పేర్లు నేనెప్పుడూ వినలేదు. మూడోది నేను స్వయంగా ఎక్కించిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. పేజీలో పెద్దగా కనిపించిన పచ్చ డౌన్‌లోడ్ బటన్ నొక్కి, తర్వాత వచ్చినవన్నీ చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అంటూ పోయాను. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడుల్లో మిగతా రెండూ ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ కాకుండా కస్టమ్ ఎంచుకుని ఉంటే ఆ టిక్కులు కనిపించేవి, తీసేసేవాణ్ణి. అసలు ఆ సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే ఉంది.

మా అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. తప్పు నాదేరా అని ఆ అమ్మాయి ముందే చెప్పాను.

ఆ రెండిటినీ, క్లీనర్‌నీ, ఫోన్‌లో మనిషి వేయించిన దాన్నీ తీసేసినా పేజీ మళ్లీ వచ్చింది. టాస్క్ షెడ్యూలర్‌లో, కంప్యూటర్ వేసిన ప్రతిసారీ దాన్ని తిరిగి తెచ్చే పని ఒకటి రాసిపెట్టి ఉంది. డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్‌లో టార్గెట్ చివర ఆ పేజీ చిరునామా తగిలించి ఉంది. క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అన్న వాక్యం నేను రోజూ చూస్తున్నదే. ఇంటి కంప్యూటర్‌కి ఆర్గనైజేషన్ ఏమిటని ఒక్కసారీ ఆలోచించలేదు. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ వాక్యం రావచ్చు. మా దగ్గర మాత్రం హైజాకర్ రిజిస్ట్రీలో పాలసీ రాసి, తన ఎక్స్‌టెన్షన్‌ను మనం తొలగించే వీల్లేకుండా చేసింది. ఆ అమ్మాయి రిజిస్ట్రీకి కాపీ తీసుకున్నాకే ఆ పాలసీని చెరిపింది. తెలియనివాళ్లు అక్కడ చెయ్యి పెట్టకూడదు. ఆ తర్వాత ఇలాంటివాటిని పట్టే ఆడ్‌వ్‌క్లీనర్ అనే సాధనంతో ఒకసారి వెతికించి, క్రోమ్‌ను రీసెట్ చేసింది.

అంతా అయ్యాక నా గూగుల్ ఖాతాతో క్రోమ్‌లో సైన్ ఇన్ అయితే ఆ సెర్చ్ పేజీ మళ్లీ ప్రత్యక్షం. సింక్ ద్వారా ఖాతాలో భద్రమైనవి తిరిగి దిగాయి. ముందే సింక్ ఆపి, ఆ తర్వాత శుభ్రం చేయాల్సింది. షాపువాళ్ల మాట విని ఫార్మాట్ కొట్టించినా ఇదే జరిగేది. సింక్ ఆపి మళ్లీ తొలగించాం. పాస్‌వర్డ్‌లన్నీ ఆ కంప్యూటర్‌లో కాకుండా నా ఫోన్‌లో మార్చాను, బ్యాంకుది అన్నిటికన్నా ముందు.

మీ ఇంట్లో ఇలాంటి పేజీ కనిపిస్తే దయచేసి దాన్ని తీసే ఉపాయం ఆ కంప్యూటర్‌లోనే వెతకకండి. నెట్ ఆపి, ఫోన్‌లో వెతకండి, లేదా తెలిసినవాళ్లని ఇంటికి పిలవండి. పిల్లల్ని ఏమైనా అనబోయే ముందు ప్రోగ్రాముల జాబితాలో ఆ తేదీలు చూడండి.