నడుముకు కట్టిన మగ్గం

గువాంలో వున్న స్నేహితులు పిలిస్తే వెళ్లినవాళ్లం, పనిలో పనిగా యాప్ ద్వీపానికీ, అక్కడినుంచి సుమారు 190 కిలోమీటర్ల దూరాన వున్న ఉలిథి దీవులకూ పోయాము. చిన్న విమానం యెక్కేముందు సామానుతోపాటు మమ్మల్ని కూడా తూచారు. మావారు కాస్త చిన్నబుచ్చుకున్నారు గాని, తప్పదట!

ఇవి మైక్రొనీషియా సమాఖ్యలోని పగడపు దీవులు. పెద్దల అనుమతి లేనిదే పరాయివాళ్లు రాకూడదు. వచ్చిన ఆడవాళ్లు మోకాళ్లు కనబడేట్టు తిరగకూడదు. మంగళగిరి చీర కట్టుకున్న నాకు ఆ బాధ లేకపోయింది.

తోడు వచ్చిన పంతులమ్మ మమ్మల్ని ఒక యింటికి తీసుకువెళ్లింది. అరవై యేళ్ల పెద్దావిడ చాపమీద కాళ్లు బారచాపుకుని నేస్తున్నది. మగ్గమేదీ అని నాలుగువైపులా చూశాను. గుంట లేదు, తొక్కుడు చెక్కలు లేవు. వున్నవల్లా కొన్ని కర్రలు. పడుగుకు ఒక కొస యెదుట కట్టి వుంది. రెండో కొస ఆవిడ నడుముకు చుట్టిన పట్టీకి తగిలించి వుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. పోగుల సందున పేక పంపి, కత్తిలాంటి చెక్కబద్దతో టక్కున కొట్టి దగ్గర చేస్తుంది. మన నేతగాడు మగ్గంలో కూచుంటాడు. ఇక్కడ మనిషే మగ్గంలో సగం! ఆవిడ లేచిందంటే మిగిలేది కర్రల మోపు.

హవాయి, సమోవా, టోంగా మొదలైన చోట్ల పూర్వులు మగ్గం యెరుగరు. చెట్టు బెరడును బాది బట్ట చేసుకున్నారు. ఇక్కడ మాత్రం అరటినారా, మందార జాతి చెట్టునారా పోగు పోగూ ముడివేసి నేశారు. ఇప్పుడు చాలావరకు కొట్లో కొన్న రంగుల నూలే. నడుముకు చుట్టుకునే ఆ గుడ్డను లావలావా అంటారు.

చారలు ముచ్చటగా వున్నాయి. "ఎంతకిస్తారో అడగండి" అన్నాను. పంతులమ్మ నీళ్లు నమిలింది. పెద్దావిడ నవ్వి యేదో చెప్పింది.

"ఇది అమ్మేది కాదట. వాళ్ల ఆడపడుచు మంచంలో వుంది. ఆమె పోతే మీద కప్పడానికట."

నా తల వాలిపోయింది. పుట్టింటివారు పెట్టిన చీరకు వెల యెవరైనా అడుగుతారా?

ఆవిడ మాత్రం కోపం తెచ్చుకోలేదు. నా కొంగు చేతిలోకి తీసుకుని, అంచు తడిమి చూసి మరేదో అడిగింది.

"మీకు యెవరు నేశారని అడుగుతోంది."

"కొట్లో కొన్నాను."

"కొట్టుకు ముందు?"

జవాబు లేదు. ముప్ఫై యేళ్లనుంచి నేతచీరలు కడుతున్నాను. నేసినవాళ్ల పేరు ఒక్కటీ తెలియదు.

ఆవిడ కూతురు వచ్చే నెల ఉద్యోగానికి గువాం వెళుతున్నదట. 1986లో అమలుకు వచ్చిన అమెరికా ఒప్పందం పుణ్యమా అని వీళ్లకు వీసా అక్కరలేదు. "మరి నేత?" అన్నాను. పిల్ల కర్రలవైపు చూపించి, "పట్టుకుపోతాను" అన్నది. తల్లి పెదవి విరిచింది. "కర్రలు యెక్కడైనా దొరుకుతాయి. కూచునే తీరిక దొరకాలి."

ఆవిడ భయం వట్టిది కాదు. ఇదే సమాఖ్యలోని కొస్రాయ్‌లో, 19వ శతాబ్దంలో తిమింగలాల వేట ఓడలు తెచ్చిన జబ్బులకు జనం పోగా, వేలమందికి కొన్ని వందలమంది మిగిలారు. అక్కడి అందమైన అరటినార నేత ఆ తరువాత అంతరించింది. ఇప్పుడా గుడ్డలు చూడాలంటే ప్రదర్శనశాలలే గతి.

ఇంటికి వచ్చాక ఆ చీర మడత విప్పినప్పుడల్లా ఆ ప్రశ్నే వినిపిస్తున్నది. ఈసారి మంగళగిరి వెళితే కొట్టు దగ్గర ఆగను. మగ్గం దాకా పోయి, "బాబూ, మీ పేరేమిటి?" అని అడిగి మరీ చీర తెచ్చుకుంటాను.