గురి

కృష్ణగిరి జిల్లాలో తళికి దగ్గరగా జవళగిరి ఉంది. దాని చుట్టూ అడవి. ఒకప్పుడు ఈ అడవిలో మనుషులను చంపి తినే ఆడపులి తిరిగింది. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువడిన తన పుస్తకంలో దాని కథ రాశారు. పులికి ఎదురుపోయే మనిషికి ధైర్యం ఒక్కటే చాలదు. తన తుపాకి గుణమూ, అందులో వేసే గుండు గుణమూ తెలిసి ఉండాలి.

ఆండర్సన్ వాడినది విన్‌చెస్టర్ 405 తుపాకి. దానికి మామూలుగా వాడే గుండు బరువు 300 గ్రెయిన్లు. అంటే 19 గ్రాములకు కాస్త ఎక్కువ. పూర్వం కంసాలులు బంగారాన్ని గురిగింజలతో తూచేవారు. అలాగే గుండును గ్రెయిన్లతో తూస్తారు. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ. ఈ చిన్న తూకంలో తేడా వస్తే ఏమవుతుంది?

మామిడితోపులో రాళ్లు రువ్వే పిల్లలను అడిగితే తెలుస్తుంది. ఒకే బలంతో విసిరినా చిన్న రాయి చురుగ్గా పోతుంది. పెద్ద రాయి మెల్లగా పోయి, కాయకు చేరేలోగా కిందికి దిగిపోతుంది. గుండు సంగతీ అంతే. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, సెకనుకు 800 మీటర్ల వేగంతో పోయే గుండు 100 మీటర్ల దూరంలో సుమారు 8 సెంటీమీటర్లు దిగుతుంది. అదే మందుతో, బరువెక్కువై 600 మీటర్ల వేగంతో పోయేది సుమారు 14 సెంటీమీటర్లు దిగుతుంది.

దగ్గరి దూరంలో ఇది ఒక్కొక్కసారి తారుమారవుతుంది. బరువైన గుండు గొట్టంలో కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. ఈలోగా తుపాకి వెనక్కి తన్ని, దాని మూతి పైకి లేస్తుంది. అప్పుడు గుండు పైన తగలవచ్చు. గొట్టం అదురుకు పక్కకూ పోవచ్చు. అందుచేత ఏ గుండును వాడదలచారో, దానితోనే ముందుగా కాగితంపై కాల్చి గురి సరిచూసుకోవాలి.

కాగితం మీద నాలుగు వేళ్ల తేడా పెద్దది కాదు. పులి మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది. గుండె తప్పిన గుండు పులిని గాయపరచి వదిలేస్తుంది. జింకను పట్టలేని పులి మనిషిపై పడవచ్చు. పులులు మనుషులకు మరగడానికి తుపాకి గాయాలు ఒక కారణమని జిమ్ కార్బెట్ కూడా రాశారు. గురి తప్పినవాడు ఇల్లు చేరుకుంటాడు. ఆ తప్పుకు శిక్ష, కట్టెలకు అడవికి పోయిన పేదవాడు అనుభవిస్తాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2014లో జవళగిరి అడవులు కావేరి ఉత్తర అభయారణ్యంలో చేరాయి. ఇక్కడ నేడు వేట నేరం. గుండు తూకం చూసుకొనే పని ఇప్పుడు సైనికులదీ, క్రీడాకారులదీ. గింజంత తేడాను చులకన చేయరాదన్న మాట మాత్రం అందరిదీ.