గ్రోనింగెన్‌లో తేనెటీగల వైద్యం

నెదర్లాండ్స్ ఉత్తరాన గ్రోనింగెన్ అనే పట్నం ఉంది. నడిమధ్య మార్టిని గంటగోపురం, చుట్టూ కాలవ, వీధుల నిండా సైకిళ్ళు. అక్కడి విశ్వవిద్యాలయం డాక్టర్లు ఒక పరీక్ష చేశారు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీది తొడుగును మన శరీర రక్షణశక్తే దెబ్బ తీస్తుంది. చూపు మసకబారుతుంది, కాళ్ళు తడబడతాయి, విపరీతమైన నీరసం. తేనెటీగలతో కుట్టించుకుంటే తగ్గుతుందని కొందరు రోగుల నమ్మకం. సరే, చూద్దామనుకున్నారు ఆ డాక్టర్లు. 26 మంది రోగులను తీసుకుని, 24 వారాలపాటు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 20 ఈగల దాకా కుట్టించారు. మరో 24 వారాలు ఈగలు లేకుండా గమనించారు. 2005లో ఫలితం ప్రకటించారు. స్కానింగులో కొత్త మచ్చలు తగ్గలేదు. నీరసమూ, అవిటితనమూ తగ్గలేదు.

మరి కొందరికి గుణమిచ్చిందంటారేం? ఈ జబ్బు చాలామందిలో దానంతటదే కొన్నాళ్ళు నెమ్మదించి, మళ్ళీ తిరగబెడుతుంది. నెమ్మదించిన రోజుల్లో ఏది వాడుతుంటే దానికే పేరొస్తుంది.

ఆశపడటం తప్పు కాదు. కాని ఈగ విషం పడనివారికి ఒక్క కాటుతోనే ప్రాణం మీదికి రావచ్చు. పరీక్షల్లో నిగ్గుతేలిన మందులు ఈనాడు ఎన్నో ఉన్నాయి. వాటిని మానకండి. వేరే వైద్యం మీద మనసు పోతే, నరాల డాక్టరు దగ్గర దాచకండి.