గ్లాసెడు మంచినీళ్ళు

దేశం విడిచి వెళ్ళినవానికి సొంత ఊరు ఏ రూపంలో గుర్తుకు వస్తుందో ముందుగా చెప్పడం కష్టం. కొందరికి అది పండుగనాటి పిండివంటల వాసన. మరికొందరికి దారిలో వినిపించిన తెలుగు మాట. నాకు మాత్రం అది గ్లాసెడు మంచినీళ్ళ రూపంలో ఎదురైంది.

మాది పటాన్‌చెరు సమీపంలో నక్కవాగు ఒడ్డున ఉన్న పల్లె. ఉద్యోగరీత్యా కొన్ని సంవత్సరాలు సింగపూరులో నివసించాను. ఒకనాటి సాయంకాలం నా సహోద్యోగి తన పదోన్నతి సందర్భంగా మెరీనా తీరంలోని ఒక హోటల్ పైకప్పు మీది భోజనశాలకు మమ్మల్ని ఆహ్వానించాడు. ధరల పట్టిక చూడగానే నా మనస్సు దానంతట అదే రూపాయలలోకి లెక్క కట్టింది. దిగువన దీపకాంతులు ప్రతిఫలిస్తున్న విశాల జలరాశి కనిపిస్తున్నది.

"దీనిని చాలామంది సముద్రం అనుకుంటారు. ఇది మేము తాగే నీరు" అన్నాడు మిత్రుడు.

ఒకప్పుడు సింగపూరు నదిలో పందుల పెంపకశాలల మురుగు, చిన్న పరిశ్రమల వ్యర్థాలు కలిసేవి. పదేళ్ళలో నదిని శుభ్రం చేయాలని 1977లో నాటి ప్రధాని లీ క్వాన్ యూ పిలుపునిచ్చాడు. వేలాది కుటుంబాలకు వేరొకచోట నివాసాలు కల్పించి, 1987 నాటికి ఆ పని ముగించారు. 2008లో సముద్రముఖాన 350 మీటర్ల వెడల్పున మెరీనా బ్యారేజీ వెలసింది. ఉప్పునీరు వెలుపల ఆగింది. దేశ విస్తీర్ణంలో ఆరవ వంతు నేలపై కురిసిన వాననీరు లోపల నిలిచింది. వాడిన నీటిని సైతం 2003 నుంచి శుద్ధి చేసి పరిశ్రమలకు, జలాశయాలకు అందిస్తున్నారు.

ఆ మాటలు వింటూ గ్లాసు చేతిలోకి తీసుకొన్నాను. నాయనమ్మ జ్ఞప్తికి వచ్చింది. తన యవ్వనంలో నక్కవాగు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీటిని బిందెకెత్తుకొన్నానని ఆమె చెప్పేది. 1970ల నుంచి మా ప్రాంతంలో మందుల, రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. వాటితోపాటు ఉపాధి వచ్చింది. మా నాన్న కర్మాగారంలో తెచ్చిన జీతంతోనే నేను చదువుకొన్నాను. ఆ కర్మాగారాల వ్యర్థజలాలే వాగును, పొలాలను, బావులను పాడుచేశాయి. మమ్మల్ని పోషించినదీ, మా నీటిని చెరచినదీ ఒకే పరిశ్రమ కావడం మా తరం అనుభవించిన వైరుధ్యం.

1990లో ఈ కాలుష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఏర్పడ్డాయి. అయినా 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఒక శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిని పరీక్షించగా, సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. నిత్యం మందులోనే మెలగే సూక్ష్మజీవులు క్రమంగా దానిని తట్టుకోవడం నేర్చుకొంటాయి. అప్పుడు ఆ మందు రోగికి పనిచేయదు. మా ప్రాంతపు మాత్రలు ప్రపంచమంతటా వెళతాయి. ఆనాటి విందులో మా పక్కన కూర్చున్నవారిలో ఎవరైనా వాటిని వాడి ఉండవచ్చు. కానీ వారు నక్కవాగు పేరు విని ఉండరు.

సింగపూరు చిన్న దేశం, సంపన్న దేశం. మన పల్లెలను దానితో పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. అయితే అక్కడా పరిశ్రమలు ఉన్నాయి. వస్తువు తయారైన ప్రతిచోటా మురికినీరు పుడుతుంది. దానిని శుద్ధి చేసే ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదు. ఆ ఖర్చును వస్తువు ధరలో కలిపారా, పక్క ఊరి బావిలో కలిపారా అన్నదే ప్రశ్న. బావిలో కలిపినప్పుడు వస్తువు చౌకగా కనిపిస్తుంది. మిగిలిన ధరను దానిని ఎన్నడూ కొనని రైతు చెల్లిస్తాడు.

ఇంటికి వచ్చినవారికి కుశలప్రశ్నల కంటె ముందు చెంబుతో నీళ్ళివ్వడం మన ఆచారం. నేడు మా ఇంట ఆ చెంబులోకి దూరపు నీరు గొట్టాల గుండా వస్తున్నది. వాగు మాత్రం ఊరి పక్కనే ఉన్నది. దాని ఇసుకలో మళ్ళీ చెలిమె తీసి, ఆ నీటిని నిర్భయంగా అతిథికి అందించగలిగిన నాడే పరిశ్రమలు మాకిచ్చిన సంపద సంపూర్ణమవుతుంది.